చీనా రాయబారులు

ఏలూరు చెంతనున్న పెదవేగియే నాటి వేంగి. 7వ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ఆ సీమను దర్శించెను. వేంగి చాళుక్య రాజనందనుడైన కులోత్తుంగ చోళుడు 1077లో 72 మందిని చీనాకు రాయబారమంపెను.

చీనా చక్రవర్తులు పరదేశపు కానుకలను కప్పముగా నెంచుచుండిరి. అప్పుడప్పుడు దూతలను పంపిరేకాని, సముద్రముల కావల స్థిరముగా రాయబారిని నిలుపలేదు. 800 ఏండ్లకు, 1877లో, గువో సుంగ్‌టావో లండనున తొలి స్థిర రాయబారి యయ్యెను. పాశ్చాత్యులకును ప్రాచీన నాగరికత కలదని తన ప్రయాణపు దినచర్యలో వ్రాసెను. స్వదేశ పండితులు మండిపడగా, ప్రభుత్వము ఆ గ్రంథపు అచ్చుపలకలను నాశనము చేయించెను. ఆయన 1879లో మరలివచ్చి, కొలువు విడిచి ఇంటనేయుండి 1891లో కన్నుమూసెను. నాలుగేండ్లకు చీనా జపాను చేతిలో ఓడెను.

ఉన్నదున్నట్లు చెప్పు దూత నోరు మూసిన రాజ్యము తన కన్నులనే మూసికొనును.