పొలిమేర దాటని చాటింపు

దండోరా ఊరి పొలిమేర దాకానే వినపడుతుంది. కంప్యూటర్ నెట్‌వర్కుల్లోనూ అంతే. అప్పుడే ఆన్ చేసిన యంత్రానికి తన ఐపీ అడ్రస్ తెలియదు, అది ఇచ్చే సర్వర్ ఎక్కడుందో అంతకన్నా తెలియదు. అందుకని 0.0.0.0 అన్న అనామక చిరునామాతో 255.255.255.255కు, అంటే వినగలిగిన అందరికీ, కేక వేస్తుంది. రౌటర్ ఆ కేకను అవతలికి పోనివ్వదు. పోనిస్తే ప్రతి నెట్‌వర్కూ ఇరుగుపొరుగు రొదతో నిండిపోతుంది. కానీ కేక అక్కడే ఆగితే వేరే నెట్‌వర్కులో ఉన్న సర్వర్‌కు చేరదు. ఈ ఇబ్బంది తీర్చడానికి వచ్చిందే రిలే ఏజెంట్. దాన్ని కబుర్లు మోసే బంట్రోతుగా చూడటం పరిపాటి. కానీ దాని చరిత్ర చూస్తే, మోత దాని పనిలో చిన్న భాగమే. ఈ కేక ఫలానా చోట పుట్టిందని సాక్ష్యం చెప్పడమే దాని అసలు పని.

ఆ సంగతి మొదట్లో దాన్ని రూపొందించినవారికీ పూర్తిగా అవసరపడలేదు. 1984 జూన్‌లో ఆర్ఎఫ్‌సీ 903 అనే ఇంటర్నెట్ పత్రంగా వచ్చిన, యంత్రానికి దాని అడ్రస్ తెలిపే రార్ప్ పద్ధతి ఐపీకి కింది అంతస్తులో నడిచేది కనుక, నెట్‌వర్కుకో సర్వర్ ఉండి తీరాలి. 1985 సెప్టెంబరులో స్టాన్‌ఫోర్డ్‌కు చెందిన బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జాన్ గిల్మోర్ డిస్కు లేని యంత్రాల కోసం అదే పని చేసే బూట్‌పీ పద్ధతిని రాశారు. అభ్యర్థనను మామూలు యూడీపీ ప్యాకెట్‌లో పెట్టి, మధ్యవర్తి తన అడ్రస్ రాసుకోవడానికి 'జీఐయాడర్' అనే నాలుగు బైట్ల గడి వదిలారు. అప్పటికి అది ప్రధానంగా జవాబు తిరిగి రావడానికి దారి. ఏ యంత్రానికి ఏ అడ్రసో సర్వర్ పట్టికలో ముందే రాసి ఉండేది కాబట్టి, కేక ఎక్కడిదని ఆరా తీయాల్సిన పని తక్కువ. 1993 అక్టోబరులో రాల్ఫ్ డ్రోమ్స్ రాసిన డీహెచ్‌సీపీ పద్ధతి వచ్చాక కథ మారింది. ఇప్పుడు అడ్రసులు ఉమ్మడి నిల్వ నుంచి గడువుకు ఇచ్చేవి. ఏ నెట్‌వర్కు నిల్వలోంచి తియ్యాలో చెప్పేది ఆ గడి ఒక్కటే. డ్రోమ్స్ బూట్‌పీ సందేశరూపాన్నే ఉంచడంతో పాత రిలేలు అలాగే పనికొచ్చాయి. తిరుగు చిరునామా కాస్తా సాక్ష్యమైంది. అదే నెలలో వాల్ట్ వైమర్ బూట్‌పీకి రాసిన వివరణ 'ఫార్వర్డింగ్' అన్న పాత మాటను వదిలి 'రిలే' అనడం నా దృష్టిలో ఉత్త మాటల మార్పు కాదు. రౌటర్ ప్యాకెట్‌ను దాటిస్తుంది. రిలే మాత్రం దాన్ని తానే అందుకుని, కొత్తది తయారుచేసి పంపుతుంది.

సర్వర్లు చవకైన ఈ రోజుల్లో నెట్‌వర్కుకొకటి పెడితే పోదా అని అడగవచ్చు. ఇంట్లో అలాగే జరుగుతోంది, రౌటరే సర్వర్. వందల నెట్‌వర్కులున్న క్యాంపస్‌లో మాత్రం చిక్కు డబ్బుది కాదు, లెక్కలది: ఎవరికి ఏ అడ్రస్ ఎప్పుడిచ్చామన్న చిట్టా వంద చోట్ల చెదిరిపోతుంది. ఇంతకన్నా బరువైన అభ్యంతరం, సాక్షి అబద్ధమాడితే ఏమిటన్నది. 2001 జనవరిలో మోటరోలాకు చెందిన మైఖేల్ ప్యాట్రిక్ ఆర్ఎఫ్‌సీ 3046లో ఆప్షన్ 82 తెచ్చింది కొంత ఇందుకే. జీఐయాడర్ వీధి పేరు చెబితే, ఇది ఏ లైను మీద నుంచి వచ్చిందో గుమ్మం సహా చెబుతుంది. నమ్మకం లేని చందాదారు వైపు నుంచి ఆ ముద్ర ముందే వేసుకొచ్చిన ప్యాకెట్లను రిలే పారేయాలి. రిలేనే నమ్మాలా అన్న ప్రశ్నకు 2005లో, సర్వర్ సరిచూసుకునే సంతకం ఆర్ఎఫ్‌సీ 4030గా తోడైంది. అనుమానం పూర్తిగా తీరిందనను. కానీ సాక్ష్యానికి విలువ లేకపోతే దానికి సంతకమెందుకు?

2003 జులైలో ఐపీవీ6 కోసం వచ్చిన డీహెచ్‌సీపీవీ6లో రిలే, యంత్రం పంపిన సందేశంలో అక్షరం ముట్టుకోదు. దాన్ని కవరులో పెట్టి, పైన తన మాట రాస్తుంది. దారిలో రెండో రిలే తగిలితే ఆ కవరును ఇంకో కవరులో పెడుతుంది. సర్వర్ జవాబు అదే దారిలో ఒక్కో కవరూ విప్పుకుంటూ వెనక్కి వస్తుంది. ఇన్ని కవర్లున్నా, యంత్రం ఏ నెట్‌వర్కులో ఉందో తేల్చడానికి చెల్లేది దానికి దగ్గరగా ఉన్న రిలే చెప్పిన మాటే. జీఐయాడర్ అప్పటికే నిండి ఉంటే తర్వాతి రిలే దాన్ని మార్చకూడదన్న పాత నియమమూ ఇదే.