ధరణి పోర్టల్: ఆన్‌లైన్ భూరికార్డులు, రైతు హక్కులు

తెలంగాణలో వ్యవసాయ భూముల రికార్డులను, రిజిస్ట్రేషన్లను ఆన్‌లైన్‌కు తెచ్చిన ప్రభుత్వ పోర్టల్. 2020 అక్టోబర్ 29న మూడుచింతలపల్లిలో ప్రారంభమైంది. స్లాట్ బుక్ చేసుకుంటే తహసీల్దారు కార్యాలయంలోనే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి పూర్తయ్యేవి. ఆ మేలు చిన్నది కాదు. అన్యాయమంతా తప్పులు దొర్లిన చోటే. నగర విస్తరణతో భూమి ధర పెరిగిన ఇబ్రహీంపట్నం వంటి మండలాల్లో సర్వే నంబరు పొరపాటున నిషేధిత జాబితాకెక్కితే రైతు ఆ భూమిని అమ్ముకోలేకపోయేవాడు. పాసుపుస్తకంలో విస్తీర్ణం తక్కువ పడితే రైతుబంధు సాయానికీ కోత పడేది. సవరణకు మీసేవలో టీఎం-33 దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. తప్పు తనది కాకపోయినా రుసుము రైతే కట్టాల్సి వచ్చేది. అనుభవదారు కాలమ్ లేకపోవడంతో కౌలుదారు రికార్డుల్లోంచే మాయమయ్యాడు. చదువురానివారికి సొంత పట్టా సంగతీ మరొకరు చూసి చెబితేనే తెలిసేది. అప్పీలుకు వీలు కల్పిస్తూ భూభారతి 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో వచ్చింది.