అమృతరావు చలనచిత్ర ప్రవేశము

తెలుగున హాస్యపాత్ర ఒక ప్రక్రియనుండి మరియొక ప్రక్రియకు తరలుట క్రొత్త కాదు. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శితమైన 'కన్యాశుల్కము'లోని గిరీశము 1955లో నందమూరి తారక రామారావు రూపమున తెరకెక్కెను. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము అంతకు ముందే, 1940లో, లంకా సత్యము నటనమున చిత్రమునకు వచ్చియుండెను. వీరిరువురకును ఒక సౌకర్యము కలదు. గిరీశము ఎత్తులు సౌజన్యారావు పంతులుగారి యెదుట తలక్రిందులగుటతో నాటకమే ముగియుచున్నది. పార్వతీశమునకు మొగలితుర్రునుండి బయలుదేరిన ప్రయాణమున్నది. ఆద్యంతములు గల కథలనుండి వచ్చినవారు గనుక, వారికి ముగింపును వెదకి తెచ్చు భారము చిత్రము తీసినవారిపై పడలేదు.

టీవీ ధారావాహికలోని పాత్ర స్థితి వేరు. గుణ్ణం గంగరాజు నిర్మించిన 'అమృతం' 2001 నవంబరు 18న జెమిని టీవీలో ఆరంభమై, 2007 నవంబరు వరకు ఆదివారము రాత్రులందు ప్రసారమై, 313 భాగములు నడచినది. అమృతరావు, అతని మిత్రుడు ఆంజనేయులు కలసి 'అమృత విలాస్' అను హోటలు నడుపుదురు. అద్దెకొరకు ఇంటి యజమాని అప్పాజీ పీడించుచుండును. సులువుగ ధనము సంపాదించుటకు అమృతరావునకు ఒక ఉపాయము తోచును, ఆంజనేయులు సందేహించుచునే వెంట నడచును, ఉపాయము బెడిసికొట్టును. మరుసటి ఆదివారమునకు ఇరువురును ఏమియు నేర్చుకొనక, అదే గల్లాపెట్టె ప్రక్కన మరల నిలిచియుందురు. ఆ నేర్చుకొనకపోవుటయే వారి హాస్యమునకు పెట్టుబడి. మనుష్యుడు మారినచో ధారావాహిక ఆగిపోవును. మారనిచో సినిమా ముందుకు సాగదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఈ చిక్కు తెలుగువారిది మాత్రమే కాదు. జంషెడ్‌పూరునందలి పర్సుడీహ్ వంటి పేటలలో ఇంట తెలుగును, వీధిలో హిందీని మాటలాడుకొను తెలుగువారికి, అమృతరావుతోపాటు ముసద్దీలాల్ కూడ ఎరిగిన మనిషివలెనే తోచుట సహజము. సబ్ టీవీలో 2001లో మొదలైన 'ఆఫీస్ ఆఫీస్'లో పంకజ్ కపూర్ ధరించిన ఈ ముసద్దీలాల్, వారమునకొక కార్యాలయపు మెట్లెక్కును. కార్యాలయము మారును గాని లోపల కూర్చున్న భాటియా, శుక్లా, పటేల్, పాండే, ఉషలు మారరు. 2011లో రాజీవ్ మెహ్రా ఈ పాత్రను సినిమాకు తెచ్చినపుడు క్రొత్త లోకములను వెదకలేదు. పాత కష్టమునే చివరి అంచువరకు నెట్టినాడు: పింఛను కచేరీ లెక్కలలో ముసద్దీలాల్ చనిపోయినాడు, తాను బ్రతికియున్నానని అతడు ఋజువు చేసికొనవలెను. ఈ ఊహలో పాత్ర ధర్మము చెడలేదు. బ్రిటిషువారి మిస్టర్ బీన్‌ను 1997లో చిత్రమునకు తెచ్చినవారు మరియొక మార్గము త్రొక్కిరి. బీన్ మారడు, లాస్ ఏంజిలిస్‌లో అతనికి ఆతిథ్యమిచ్చిన గృహస్థుని బ్రతుకు తారుమారగును. మార్పు లేని పాత్ర ప్రక్కన మారగల మనిషిని నిలిపి కథను నడపిరి.

గంగరాజు స్వయముగా దర్శకత్వము వహించిన 'చందమామలో అమృతం' 2014లో విడుదలయ్యెను. ఇందు అమృతరావు, ఆంజనేయులు హోటలు పెట్టుటకు చంద్రమండలమునకే పోవుదురు. ఊహగా చూచినచో ఇది అమృతరావుకు తగినదే. అతని బుఱ్ఱకు ఇంతకన్న పెద్ద దురాశ తోచదు. కాని ధారావాహికలోని నవ్వు అద్దె బాకీలోనిది, చేతిలో లేని వంద రూపాయలలోనిది. చంద్రునిపై ప్రేక్షకుడు ముందు ఆశ్చర్యపడవలెను, తరువాత నవ్వవలెను. అంతలో బాకీ చిన్నదైపోయినది. ధారావాహికకు లభించిన ఆదరము చిత్రమునకు లభింపలేదు.

మరియొక సంగతి యున్నది. అది కథకన్న ముఖ్యమేమో. ధారావాహికలో అమృతరావుగా ముగ్గురు నటులు మారిరి: మొదట శివాజీ రాజా, తరువాత నరేశ్, ఆ పిమ్మట హర్షవర్ధన్. జనులు సహించిరి, మువ్వురనూ ఇష్టపడిరి. ఆంజనేయులు మాత్రము మొదటినుండియు గుండు హనుమంతరావే. ఆ ముఖమందలి దైన్యము, తప్పునకు ముందే తప్పును పసిగట్టి నోరు మూసికొను ఆ తీరు, ఎవరు అమృతరావైనను హోటలు ఆ హోటలే యని నమ్మించినవి. చిత్రమున అమృతరావు వేషమును అవసరాల శ్రీనివాస్, ఆంజనేయులు వేషమును హరీశ్ ధరించిరి. అప్పాజీగా శివన్నారాయణ, సర్వముగా వాసు ఇంటూరి నిలిచిరి. వీరు సమర్థులు కారని కాదు. అమృతరావును మార్చుట ప్రేక్షకునకు అలవాటైన పని. ఆంజనేయుని మార్చినంతనే తెలిసిన యింట తెలియనివారు కనబడినట్లయినది. స్తంభమేదో, తెర ఏదో చిత్రము పోల్చుకొనలేదనిపించును.

హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో కన్నుమూసెను. 2020 ఉగాదినాడు 'అమృతం ద్వితీయం' జీ ఫైవ్‌లో మొదలైనపుడు హర్షవర్ధన్ మరల అమృతరావుగా, ఎల్.బి.శ్రీరామ్ ఆంజనేయులుగా కనబడిరి. ఈసారి సినిమాగా గాక భాగములుగానే వచ్చినది, అప్పాజీ శివన్నారాయణయే.