అరవై నిమిషాల ఘంటసాల

1980ల్లో కొత్తపట్నం నుంచి ఒంగోలు బస్సెక్కినవాళ్ల జేబుల్లో ఒక్కోసారి ఒక చీటీ ఉండేది. సరుకుల చీటీ కాదు. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద నంబర్లు వేసి రాసుకున్న పాటల పట్టీ. దాంతోపాటు ఒక ఖాళీ క్యాసెట్టు రికార్డింగు షాపులో ఇచ్చి వస్తే, నాలుగు రోజులాగి వెళ్లేసరికి పాటలన్నీ వరసగా ఎక్కించి పెట్టేవాళ్లు. ఎక్కువమంది కొనేది అరవై నిమిషాల క్యాసెట్టు. పక్కకు ముప్పై నిమిషాలు, అంటే ఎనిమిదో తొమ్మిదో పాటలు. ఘంటసాల మూడు దశాబ్దాల పాటల్లోంచి పదహారో పదిహేడో ఏరాలి. ఆ చీటీ రాయడానికి ఇంటిల్లిపాదీ కూర్చునేది, కొట్టివేతలు లేకుండా ఒక్క చీటీ పూర్తయ్యేది కాదు.

ఏరుకునే ఈ హక్కు శ్రోత చేతికి రావడానికి చాలా కాలం పట్టింది. ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు.   జైలు నుంచి వచ్చాక మద్రాసు చేరి కోరస్ గాయకుడిగా మొదలుపెట్టిన ఆయన, 1950ల నాటికి ఊరూరా మైకుసెట్టులో వినపడే గొంతయ్యారు.

అప్పట్లో ఏ పాట వినాలో తేల్చేది మైకుసెట్టాయనే. ఆయన పెట్టెలో ఎన్ని ప్లేట్లుంటే ఊరికి అన్ని పాటలు. 78 చుట్ల రికార్డులో ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర. పాట అయ్యీ కాకముందే రికార్డు తిప్పాలి, సూది మార్చాలి. పెళ్లివారు అడిగిన పాట ఆ పెట్టెలో లేకపోతే ఇంక లేనట్టే. ఎక్కువసార్లు వేసిన ప్లేటు అరిగి గరగరమనేది. ఊరికి ఇష్టమైన పాటేదో ఆ గరగరే చెప్పేది.

రేడియో ఉన్నవాళ్లకీ సుఖం లేదు. 1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటల మీద కన్నెర్ర చేయడంతో ఆకాశవాణిలో అవి దాదాపు కనుమరుగయ్యాయి. జనం రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలయ్యాకే పాట సొంత రేడియోకు తిరిగొచ్చింది. పోస్టుకార్డు మీద కోరిన పాట రాసి, కింద ఇంట్లో వాళ్లందరి పేర్లూ వరసగా పెట్టి పంపే అలవాటు తెలుగు పల్లెల్లో పాతుకుపోయింది. ఒక కార్డుకు ఒక పాట. అదీ వేస్తారో వేయరో.

అందుకే పదిహేడు పాటల చీటీ అంటే అంత తర్జనభర్జన. అసలు ఘంటసాల పాట అంటే ఏది, ఆయన పాడిందా, వరస కట్టిందా? ‘దేవదాసు’ (1953) పాటలు లేని చీటీ ఉండదు. వాటి బాణీల్లో ఎక్కువ సి.ఆర్. సుబ్బరామన్‌వి. సినిమా విడుదల కాకముందే ఆయన కన్నుమూశారు. ‘మాయాబజార్’ (1957) సంగీత దర్శకుడిగా తెర మీద పేరు ఘంటసాలదే అయినా, అందులో కొన్ని వరసలు అంతకుముందే సాలూరి రాజేశ్వరరావు కట్టినవి. ‘జగదేకవీరుని కథ’ (1961)లోని శివశంకరి పెండ్యాలది. లెక్క ఇంత కచ్చితంగా చూస్తే చీటీ సగం ఖాళీ అవుతుంది. శ్రోతలు ఆ లెక్క చూడలేదు, చూడకపోవడమే న్యాయం. దేవదాసు బాధను ఊళ్లోవాళ్లకు చేరవేసింది ఆ గొంతే.

పెద్దవాళ్లు మాత్రం పాటల దగ్గర ఆగేవారు కాదు. పద్యాలు పడాలనేవారు. గుంటూరు, ఒంగోలు సీమలో ఆ పట్టుదల సహజం. తిరుపతి వెంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ రాత్రంతా కూర్చుని చూసిన జనం వీళ్లు. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల గాయకుల పేర్లు చెప్పుకుంటూ పెరిగిన ఇళ్లు. నాటకంలో పద్యం చివర రాగం ఎంత సాగితే అన్ని చప్పట్లు, వెంటనే వన్స్ మోర్. ఘంటసాల ఆ సాగతీతను కత్తిరించారు. అర్థం విరిగేచోట మాట విరిచి, భావానికి సరిపడా రాగం తీసి, అక్కడితో ఆపారు. చదువురాని శ్రోతకు కూడా పద్యంలో ప్రతి అక్షరం వినపడింది. ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. పెద్దవాళ్ల పట్టుదలే సరైనది.

ఈ సీమకు ఘంటసాల పరాయివాడు కాకపోవడానికి ఇంకో కారణం ఆయన నోట పలికిన మాటలు. ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’ పద్యాలు రాసిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిది గుంటూరు జిల్లా కొమ్మూరు. దేవదాసుకు పాటలు రాసిన సముద్రాల రాఘవాచార్యది రేపల్లె వైపు పెదపులివర్రు. ‘తోడికోడళ్లు’ (1957)లో ఆలుమగలు పనిచేసుకుంటూ పాడుకునే యుగళగీతం రాసిన కొసరాజుది బాపట్ల దగ్గర అప్పికట్ల. మిరప కోతల్లో, పత్తి తీతల్లో ఒళ్లు వంచినవాళ్లకు ఆ పాట అర్థం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

చీటీ ఖాయమై క్యాసెట్టు ఇంటికొచ్చాక చేసే మొదటి పని దాని వెనక ఉన్న రెండు ప్లాస్టిక్ చెవులూ విరిచేయడం. అవి విరిగితే పొరపాటున కూడా మీద ఇంకోటి రికార్డు కాదు. అట్ట మీద పిల్లల్లో చేతిరాత బాగున్నవాళ్లతో పాటల పేర్లు రాయించేవారు. టేపు చిక్కుపడితే పెన్సిలు దూర్చి చుట్టేవారు.

చీటీలో చోటు అక్కర్లేనివి రెండు. ఒకటి వెంకటేశ్వరస్వామి మీద ఆయన పాడిన ‘నమో వేంకటేశా’. టూరింగు టాకీసు బూరలో అది మొదలైతే టిక్కెట్లు ఇస్తున్నట్టే లెక్క. వంటిళ్లలో పొయ్యిలు గబగబా ఆరేవి. రోజూ ఊరంతా వినేదాన్ని డబ్బులిచ్చి ఎక్కించుకోవడం ఎందుకు?

రెండోది భగవద్గీత. ఒంట్లో బాగాలేని రోజుల్లో, తాత్పర్యంతో సహా తన గొంతుతోనే రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న, యాభై ఒక్క ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. ఆ రికార్డు ఆయన పోయాకే బయటికొచ్చింది. గీత బతికున్నవాళ్ల కోసం చెప్పిన గ్రంథం. ఆయన దాన్ని పాడింది కూడా అలాగే, యుద్ధభూమిలో కాళ్లు వణుకుతున్న మనిషికి ధైర్యం చెబుతున్నట్టు. కానీ చావు జరిగిన ఇంటి ముందు దాన్ని పెట్టడం ఆనవాయితీ అయిపోయింది. ఇప్పుడు ఏ వీధి చివర బూరలో ఆ గొంతు శ్లోకం ఎత్తుకున్నా, చేపల బుట్ట దించుకుంటున్న మనిషి, సైకిల్ తొక్కుకుంటూ పోతున్న మనిషి ఒక్క క్షణం ఆగి, పక్కవాళ్లను గొంతు తగ్గించి అడుగుతారు: “ఎవరంట?”