ముసలమ్మ కట్ట మీద ఒక పాత ప్రశ్న

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు తెలుగు సారు ఒక మధ్యాహ్నం పాఠం పక్కనపెట్టి ముసలమ్మ కథ చెప్పారు. బయట ఎండ మండిపోతోంది. లోపల సారు కుండపోత వాన కురిపిస్తున్నారు. బుక్కరాయసముద్రం చెరువు నిండి కట్ట తెగబోతోంది. ఊరు ఊరంతా కట్ట మీదే ఉంది. తట్టలతో మట్టి పోస్తున్నా నిలవడం లేదు. అప్పుడు దేవత మాట వినబడిందట. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితే కట్ట నిలుస్తుందని. ఆ పిల్ల ఇంటికి పోయి, పసుపు కుంకుమలతో తయారై, అందరి దగ్గరా సెలవు తీసుకుని గండిలోకి నడిచింది.

క్లాసంతా నిశ్శబ్దం. ఆడపిల్లల వైపు వెనక బెంచీ నుంచి ఒక గొంతు వినబడింది: "సార్, ఆ మాట ముందు ఎవురికి ఇనపడింది సార్?"

మేము నవ్వేశాం. సారు నవ్వలేదు. "కూర్చోమ్మా. కథలో అట్లుంది," అన్నారు. కొంచెంసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడి, మళ్లీ పాఠంలోకి వెళ్లిపోయారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఉద్యోగరీత్యా చాలా చెరువు కట్టల మీద తిరిగాను. ఖాళీ దొరికితే చారిత్రక నవలలు, అందులోనూ నిజంగా బతికిన ఆడవాళ్ల మీద వచ్చినవి, వెతుక్కుని చదివాను. చదివిన ప్రతిసారీ ఈ వెనక బెంచీ ప్రశ్నే అడ్డం వచ్చేది.

ముందు మన చెరువు సంగతి. పండమేరుకు అడ్డంగా ఈ చెరువును 1364లో కట్టించింది బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు అని స్థానిక చరిత్ర. రాజు పేరున బుక్కరాయసముద్రం, మంత్రి భార్య అనంతమ్మ పేరున అనంతసాగరం వెలిశాయి. ఆ అనంతసాగరమే మన అనంతపురం. అంటే మన ఊరి పేరు, జిల్లా పేరు ఒక ఆడమనిషి పేరు. రేషన్ కార్డు మీద, బస్సు బోర్డు మీద రోజూ రాసుకుంటాం. ఆమె ఎట్లా ఉండేదో, ఏం మాట్లాడేదో ఒక్క ముక్క మిగల్లేదు. ఒకే చెరువు ఇద్దరు ఆడవాళ్లను జ్ఞాపకంలో నిలిపింది. ఒకామెకు పేరు మిగిలింది, కథ లేదు. ఇంకొకామెకు కథ మిగిలింది, శాసనం లేదు.

శాసనాలు ఉంటే నవలాకారుడి పని ఎంత వేరుగా ఉంటుందో రుద్రమదేవి విషయంలో చూడొచ్చు. 1261 నాటి మల్కాపురం శాసనం గణపతిదేవుడు, రుద్రమ ఇచ్చిన దానాలు చెబుతుంది. వాటితో నడిచిన సంస్థల్లో ప్రసూతిశాల కూడా ఉంది. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతుంది. మార్కోపోలో ఆమెను మెచ్చుకుంటూనే, రాజు కూతురిని రాజు భార్యగా పొరబడ్డాడు. ఇంత సామగ్రి ఉంది కాబట్టే అడివి బాపిరాజు, నోరి నరసింహశాస్త్రి ధైర్యంగా నవలలు రాశారు. నోరివారి నవల పేరు 'రుద్రమదేవి'. బాపిరాజు నవలలో రాణి రుద్రమే, పేరు మాత్రం 'గోన గన్నారెడ్డి'. నాకు బాపిరాజు వచనం ప్రాణం. అయినా ఆ అట్ట చూసినప్పుడల్లా, రాజ్యమేలిన ఆమెకు తన పుస్తకం మీద కూడా చోటు దొరకలేదే అనిపిస్తుంది. రుద్రదేవ మహారాజు అని మగపేరుతో ఏలాల్సి వచ్చిన రాణి కదా, ఆమెకు ఇదేమీ కొత్త కాకపోవచ్చు.

ముసలమ్మ రైతు ఇంటి కోడలు. ఆమె పేరు మీద ఎవరూ దానం ఇవ్వలేదు, ఎవరూ రాయి చెక్కించలేదు. కథ మాత్రం ఊళ్లో నిలిచింది. అది అనంతపుర చరిత్ర అనే పాత వచన గ్రంథంలోకి ఎక్కింది. పక్కనున్న కడపలో పనిచేసిన సి.పి.బ్రౌన్ ఆ గ్రంథాన్ని బయటికి తెచ్చాడు, 1853లో దాని ఇంగ్లీషు అనువాదం మద్రాసులో అచ్చయింది. 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థి ఒకడు, చిత్తూరు దగ్గరి కట్టమంచి వాడు, అక్కడి తెలుగు సంఘం పెట్టిన కావ్యాల పోటీకి ఈ కథను తీసుకున్నాడు. అతనికి అప్పుడు పందొమ్మిదేళ్లు. ఆ 'ముసలమ్మ మరణము' మరుసటి ఏడాది అచ్చయింది. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి వైస్‌ఛాన్సలర్ అయిన కట్టమంచి రామలింగారెడ్డి ఆయనే. రాణులూ దేవతలూ తప్ప కావ్యానికి పనికిరారనుకునే రోజుల్లో, కరువు సీమ కాపు కోడలిని నాయికగా నిలబెట్టడం చిన్న సాహసం కాదు. ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటిగా దాన్ని చెప్పుకోవడం సబబే.

అయితే ఒక పని ఆ కావ్యం కూడా చేయలేదు. ముసలమ్మకు గొప్ప మనసు ఇచ్చింది, త్యాగం ఇచ్చింది, సెలవు తీసుకునే ఘట్టాల్లో కన్నీళ్లు ఇచ్చింది. వెనక బెంచీ ప్రశ్నకు మాత్రం జవాబు ఇవ్వలేదు.

ఈ ప్రశ్న ముసలమ్మ ఒక్కదానిదే కాదు. కన్నడ సీమలో 'కెరెగె హార' అనే జానపద గేయకథ ఉంది. మల్లనగౌడ తవ్వించిన చెరువుకు నీళ్లు పడవు. బలికి ఎంపికయ్యేది భాగీరథి. ఆమె కూడా చిన్నకోడలే. దండు నుంచి తిరిగొచ్చిన భర్త సంగతి తెలిసి తానూ నీళ్లలో దూకుతాడు. ఇంకా దూరం పోతే అల్బేనియా దేశంలో ష్కోదర్ పట్టణం మీది రోజాఫా కోట. ముగ్గురు అన్నదమ్ములు పగలు కట్టిన గోడ రాత్రికి కూలిపోతుంటుంది. రేపు అన్నం తెచ్చే ఆడమనిషిని గోడలో పెట్టి కట్టమంటాడు ఒక ముసలాయన, ఆ మాట ఇంట్లో చెప్పవద్దంటాడు. పెద్దవాళ్లిద్దరూ తమ భార్యల చెవిన వేసేస్తారు. చిన్నవాడు మాట మీద నిలబడతాడు. అన్నం గంపతో వచ్చేది చిన్నకోడలే.

ఇన్నిచోట్ల ఒకే కథ ఉందంటే ముసలమ్మ అసలు లేదేమో అని ఒక చరిత్ర అధ్యాపకుడు నాతో వాదించాడు. అనుమానం న్యాయమైనదే. కానీ కట్టకు ఆమె పేరు, కట్ట మీద ఆమెకు పూజ మిగిలాయి. పెళ్లి కావాల్సిన వయసు నుంచే ముసలమ్మ అని పిలిపించుకున్న పడుచుపిల్ల పేరు కథ కోసం కల్పించిన పేరులా లేదు. మన పల్లెల్లో పెట్టే పేరే అది. ఆమె ఉందనే నేను నమ్ముతాను. ప్రతిచోటా చిన్నకోడలే ఎందుకు అన్నది నన్ను ఇంకొక దిక్కుకు తీసుకుపోతుంది. ఆ ఇంట్లో అందరికన్నా ఆలస్యంగా వచ్చింది ఆమె. తన తరఫున మాట్లాడేవాళ్లు అందరికన్నా తక్కువ ఉన్నదీ ఆమెకే.

ఇక్కడ నాలోని ఇంజినీరు ఊరుకోడు. కట్ట ఊరికే తెగదు. మరువ పూడిపోతే నీళ్లు కట్ట మీదికెక్కి పొర్లుతాయి. లేదంటే ఎలుకలు, చెట్ల వేర్లు చేసిన దారిలో బుంగ పడుతుంది. బుంగలో తేటనీళ్లు వస్తున్నంతసేపు కొంత వ్యవధి ఉన్నట్టు. అవి ఎర్రగా మారాయంటే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. ఒకసారి అర్ధరాత్రి ఒక చిన్న చెరువు కట్ట మీద టార్చిలైటు వెలుగులో ఆ రంగు మారడం చూశాను. ఇసుక మూటలు చాల్లేదు. కంపచెట్లు నరికి, రాళ్లు కట్టి వేశాం. తెల్లవారేసరికి వాన తగ్గింది కాబట్టి కట్ట నిలిచింది. వాన తగ్గకపోతే ఆ రాత్రి జనం ఏం మాట్లాడేవాళ్లో నేను ఊహించగలను. భయం ముదిరినప్పుడు ఊరికి కారణం అక్కర్లేదు, ఒక పేరు కావాలి.

మన పూర్వులకు ఈ శాస్త్రం తెలియదనుకుంటే పొరపాటు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది, అంటే మన చెరువుకు ఐదేళ్లు చిన్నది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో రాయించారు. కట్ట నుంచి నీళ్లు ఊరడం ఆ దోషాల్లో ఒకటి. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని లెక్కా ఉంది. పెనుకొండకు నదీజలం మళ్లించిన జలసూత్రజ్ఞుడు సింగాయభట్టు పేరు 1388 శాసనంలో ఉంది. మా వృత్తివాళ్లలో అంత పాత పేరు చూసి నేను మురిసిపోయిన మాట నిజం. చెరువుల మరమ్మతు కోసం దశబంధం మాన్యాలు కూడా మన సీమలో ఉండేవి. కట్టినవాడి పేరు రాయి మీద ఉంది. బాగుచేయాల్సినవాడికి భూమి ఉంది. కట్ట తెగేవేళకు మాత్రం లెక్క బసిరెడ్డి చిన్నకోడలి మీద పడింది. ఆ ఏడు మరువ పూడిక తీశారా, మాన్యం అనుభవించినవాడు కట్ట మీద మట్టి పోశాడా అని దేవతను ఎవరూ అడగలేదు.

నవల చేయాల్సిన పని ఇదని నాకు అనిపిస్తుంది. కావ్యానికి ఒక రాత్రి చాలు. నవలకు ఆ రాత్రికి ముందు పదేళ్లు కావాలి. ఊళ్లో ఎవరికి ఎంత ఆయకట్టు ఉంది, ఎవరి మడి మొదట మునుగుతుంది, నీరుగంటి ఎవరితో చెప్పాడు, ఆ మాట నోటినుంచి నోటికి పోయేటప్పుడు ఎక్కడ దేవత మాట అయింది. ముసలమ్మ తనంతట తానే ఒప్పుకుందనే రాయొచ్చు, ఆ ధైర్యాన్ని నేనేమీ తక్కువ చేయను. కాదనే దారి ఆమెకు ఉండిందా లేదా అన్నది కూడా రాయాలి. మన అనంతపురంవాడే అయిన బండి నారాయణస్వామి, హండే పాలెగాళ్ల కాలాన్ని తీసుకుని 'శప్తభూమి' రాసి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. పాలెగాళ్ల చరిత్రలో మామూలు జనం ఎట్లా నలిగారో ఈ మట్టిలోంచే నవల తీయొచ్చని అది చూపించింది. ముసలమ్మ నవల కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

2022 అక్టోబరులో నడిమివంక, పండమేరు పొంగి మన ఊరి కాలనీలు మునిగినప్పుడు ఈ కథ మళ్లీ గుర్తుకొచ్చింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ కురిసే ఊళ్లో పడవలు తిరిగాయి. వంకల్లో ఇళ్లు కట్టింది ఎవరు, కట్టనిచ్చింది ఎవరు అనే మాట రెండు వారాలు నడిచి ఆగిపోయింది.

ఈ వ్యాసం కోసం ఆ వెనక బెంచీ మిత్రురాలికి ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరు. ఆ ప్రశ్న గుర్తుందా అంటే మొదట లేదంది. కథంతా మళ్లీ చెప్పించుకుంది. నవల గురించి నా ఆలోచన కూడా ఓపికగా విని, "అదంతా రాయించుదువులేప్పా," అంది. "నువ్వు ఇంజినీరువే కదా. వానలు రాకముందే ముందు ఆ మరువ చూసిరాపో."