2016–17 స్నూకర్ సీజన్

2016–17 స్నూకర్ సీజన్ వృత్తి క్రీడాకారుల కొరకు 2016 మే నుండి 2017 మే వరకు జరిగిన పోటీల సముదాయము. దీనిలో 19 ర్యాంకింగ్ పోటీలు, వీటికి తోడు ర్యాంకుతో సంబంధము లేని కొన్ని ఆహ్వాన పోటీలు జరిగినవి. ఇంగ్లండుకు చెందిన మార్క్ సెల్బీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌తో సహా 5 ర్యాంకింగ్ టైటిళ్ళు గెలుచుకొని, సీజన్ పొడవునా ప్రపంచ ప్రథమ ర్యాంకులో నిలిచాడు. ఈ సీజన్‌లోని ర్యాంకింగ్ పోటీలలో ఒకటైన ఇండియన్ ఓపెన్ 2016 జూలైలో హైదరాబాదులో జరిగినది.

ర్యాంకింగ్ విధానము

స్నూకర్‌లో ర్యాంకులు 2014–15 సీజన్ నుండి బహుమతి సొమ్ము ఆధారముగా నిర్ణయింపబడుతున్నవి. ర్యాంకింగ్ పోటీలలో క్రీడాకారుడు గత రెండు సంవత్సరములలో సంపాదించిన ప్రతి పౌండూ ఒక పాయింటుతో సమానము. ఒక పోటీ ముగిసినప్పుడు అందులో లభించిన సొమ్ము జాబితాలో చేరుతుంది. రెండేళ్ళ క్రితపు సొమ్ము తొలగిపోతుంది. అందువలన రెండేళ్ళ క్రితము పెద్ద పోటీ గెలిచినవాడు, మరల బాగా ఆడనిచో, ఒక్కసారిగా అనేక స్థానములు దిగజారవచ్చును.

ఈ జాబితాలోని స్థానముపై క్రీడాకారుని జీవనోపాధి ఆధారపడి ఉంటుంది. మొదటి 16 మందికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ ప్రధాన దశలో నేరుగా ప్రవేశము లభిస్తుంది. మిగిలినవారు అర్హత పోటీలు ఆడవలెను. సీజన్ చివర మొదటి 64 స్థానములలో ఉన్నవారు వృత్తి పర్యటనలో కొనసాగుతారు. ఆ హద్దుకు దిగువనున్నవారిలో రెండేళ్ళ గడువు ముగిసినవారు తమ స్థానమును కోల్పోయి, మరల అర్హత సంపాదించుకొనవలసి ఉంటుంది.

కేవలము ఆ ఒక్క సీజన్ సంపాదనతో తయారయ్యే మరొక జాబితా కూడా ఉన్నది. ఈ సీజన్‌లో దాని ప్రకారము మొదటి 32 మంది ప్రపంచ గ్రాండ్ ప్రీకి, మొదటి 16 మంది ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌కు ఎంపికైనారు.

క్రొత్త మార్పులు

ఈ సీజన్‌లో హోమ్ నేషన్స్ సిరీస్ ప్రారంభమైనది. అంతకు ముందే ఉన్న వెల్ష్ ఓపెన్‌కు ఇంగ్లీష్ ఓపెన్, ఉత్తర ఐర్లండ్ ఓపెన్, స్కాటిష్ ఓపెన్ అను మూడు క్రొత్త పోటీలు జతచేయబడినవి. నాలుగింటినీ ఒకే సీజన్‌లో గెలిచినవారికి 10 లక్షల పౌండ్ల అదనపు బహుమతి ప్రకటించారు. కాని నాలుగు పోటీలనూ నలుగురు వేర్వేరు క్రీడాకారులు గెలిచారు.

ఒక్క ఫ్రేమ్‌తోనే ఫలితము తేలే షూట్ అవుట్ పోటీకి మొదటిసారిగా ర్యాంకింగ్ హోదా ఇచ్చారు. ఇందులో ఫ్రేమ్ కాలపరిమితి 10 నిమిషములు. మొదటి 5 నిమిషములలో ఒక్కొక్క షాట్‌కు 15 సెకనులు, తరువాత 10 సెకనులు మాత్రమే సమయము ఉంటుంది.

ర్యాంకింగ్ పోటీలు - ఫైనల్ ఫలితములు

* రీగా మాస్టర్స్ (రీగా): నీల్ రాబర్ట్‌సన్ 5–2 మైకేల్ హోల్ట్
* ఇండియన్ ఓపెన్ (హైదరాబాదు): ఆంథోనీ మెక్‌గిల్ 5–2 కైరెన్ విల్సన్
* వరల్డ్ ఓపెన్ (యుషాన్): అలీ కార్టర్ 10–8 జో పెర్రీ
* పాల్ హంటర్ క్లాసిక్ (ఫ్యుర్త్): మార్క్ సెల్బీ 4–2 టామ్ ఫోర్డ్
* షాంఘై మాస్టర్స్ (షాంఘై): డింగ్ జున్‌హుయి 10–6 మార్క్ సెల్బీ
* యూరోపియన్ మాస్టర్స్ (బుకారెస్ట్): జడ్ ట్రంప్ 9–8 రోనీ ఓసలివాన్
* ఇంగ్లీష్ ఓపెన్ (మాంచెస్టర్): లియాంగ్ వెన్‌బో 9–6 జడ్ ట్రంప్
* ఇంటర్నేషనల్ ఛాంపియన్‌షిప్ (డాచింగ్): మార్క్ సెల్బీ 10–1 డింగ్ జున్‌హుయి
* ఉత్తర ఐర్లండ్ ఓపెన్ (బెల్‌ఫాస్ట్): మార్క్ కింగ్ 9–8 బారీ హాకిన్స్
* యు.కె. ఛాంపియన్‌షిప్ (యార్క్): మార్క్ సెల్బీ 10–7 రోనీ ఓసలివాన్
* స్కాటిష్ ఓపెన్ (గ్లాస్గో): మార్కో ఫూ 9–4 జాన్ హిగ్గిన్స్
* జర్మన్ మాస్టర్స్ (బెర్లిన్): ఆంథోనీ హామిల్టన్ 9–6 అలీ కార్టర్
* ప్రపంచ గ్రాండ్ ప్రీ (ప్రెస్టన్): బారీ హాకిన్స్ 10–7 రయన్ డే
* వెల్ష్ ఓపెన్ (కార్డిఫ్): స్టువర్ట్ బింగ్‌హామ్ 9–8 జడ్ ట్రంప్
* షూట్ అవుట్ (వాట్‌ఫోర్డ్): ఆంథోనీ మెక్‌గిల్ 1–0 షియావో గ్వోడాంగ్
* జిబ్రాల్టర్ ఓపెన్ (జిబ్రాల్టర్): షాన్ మర్ఫీ 4–2 జడ్ ట్రంప్
* ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ (లాండుడ్నో): జడ్ ట్రంప్ 10–8 మార్కో ఫూ
* చైనా ఓపెన్ (బీజింగ్): మార్క్ సెల్బీ 10–8 మార్క్ విలియమ్స్
* ప్రపంచ ఛాంపియన్‌షిప్ (షెఫీల్డ్): మార్క్ సెల్బీ 18–15 జాన్ హిగ్గిన్స్

హైదరాబాదులో ఇండియన్ ఓపెన్

ఇండియన్ ఓపెన్ అంతకు ముందు 2013లో ఢిల్లీలో, 2015లో ముంబైలో జరిగినది. మూడవ పోటీకి హైదరాబాదు వేదికైనది. 2016 జూలై 5 నుండి 9 వరకు జరిగిన ఈ పోటీలో స్కాట్లండుకు చెందిన మెక్‌గిల్ తన జీవితములో మొదటి ర్యాంకింగ్ టైటిల్ సాధించాడు. విజేతకు 50,000 పౌండ్లు లభించినవి.

తొలిసారి విజేతలు

మెక్‌గిల్‌తో పాటు చైనాకు చెందిన లియాంగ్ వెన్‌బో, ఇంగ్లండుకు చెందిన మార్క్ కింగ్, ఆంథోనీ హామిల్టన్‌లు కూడా ఈ సీజన్‌లోనే మొదటి ర్యాంకింగ్ టైటిల్ పొందారు. కింగ్, హామిల్టన్‌లు ఇద్దరూ 1991లో వృత్తి క్రీడాకారులైనవారు. ఈ విజయము కొరకు వారు పాతికేళ్ళు వేచియుండవలసి వచ్చినది. బెర్లిన్‌లో గెలిచేనాటికి హామిల్టన్ వయస్సు 45 సంవత్సరములు.

ప్రపంచ ఛాంపియన్‌షిప్

2017 ఏప్రిల్ 15 నుండి మే 1 వరకు షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో జరిగినది. మొదటి రౌండులోనే జడ్ ట్రంప్ 8–10 తేడాతో రోరీ మెక్లియోడ్ చేతిలో ఓడిపోయాడు. సెమీఫైనల్స్‌లో సెల్బీ 17–15తో డింగ్ జున్‌హుయిని, హిగ్గిన్స్ 17–8తో హాకిన్స్‌ను ఓడించారు.

ఫైనల్‌లో ఒక దశలో హిగ్గిన్స్ 10–4 ఆధిక్యములో ఉన్నాడు. సెల్బీ మొదటి రోజు చివరి మూడు ఫ్రేములు గెలిచి తేడాను 10–7కు తగ్గించాడు. రెండవ రోజు ఆధిక్యము సాధించి 18–15తో విజేత అయినాడు. ఇది అతనికి మూడవ ప్రపంచ టైటిల్. స్టీవ్ డేవిస్, స్టీఫెన్ హెండ్రీ, రోనీ ఓసలివాన్‌ల తరువాత క్రూసిబుల్‌లో టైటిల్‌ను నిలబెట్టుకొన్న నాలుగవ క్రీడాకారుడు సెల్బీ. ఒకే సీజన్‌లో 5 ర్యాంకింగ్ టైటిళ్ళతో అతడు హెండ్రీ (1990–91), డింగ్ (2013–14)ల రికార్డును సమము చేశాడు.

సొమ్ము, ర్యాంకుల సంబంధము

ప్రపంచ విజేత బహుమతి 3,75,000 పౌండ్లు. షూట్ అవుట్ విజేతకు లభించినది 32,000 పౌండ్లు మాత్రమే. మెక్‌గిల్ రెండు ర్యాంకింగ్ టైటిళ్ళ ద్వారా పొందిన పాయింట్లు 82,000 కాగా, ప్రపంచ ఫైనల్‌లో ఓడిన హిగ్గిన్స్‌కు దాదాపు రెట్టింపుగా 1,60,000 పాయింట్లు వచ్చినవి. ఈ విధానములో టైటిళ్ళ సంఖ్య కంటే అవి ఏ పోటీలవి అనునదే ముఖ్యము.

ఆహ్వాన పోటీల సొమ్ము ఎంత పెద్దదైనను ర్యాంకులో చేరదు. 2016 నవంబరులో హిగ్గిన్స్ గ్వాంగ్‌జౌలో చైనా ఛాంపియన్‌షిప్‌ను, వెనువెంటనే కోవెంట్రీలో ఛాంపియన్ ఆఫ్ ఛాంపియన్స్‌ను గెలిచి మొత్తము 3,00,000 పౌండ్లు పొందాడు. కాని అతని ర్యాంకింగ్ పాయింట్లలో మార్పు రాలేదు. 2017 జనవరిలో ఓసలివాన్ 10–7తో జో పెర్రీని ఓడించి రికార్డు స్థాయిలో ఏడవసారి మాస్టర్స్ గెలిచాడు. ర్యాంకింగ్ పోటీలలో మాత్రము రెండు ఫైనల్స్‌లో ఓడి, ఒక్క టైటిల్ కూడా పొందలేదు.

తరువాతి పరిణామములు

తరువాతి ఇండియన్ ఓపెన్ 2017 సెప్టెంబరులో విశాఖపట్నములో జరిగినది. మెక్‌గిల్ మరల ఫైనల్ చేరినను 1–5తో హిగ్గిన్స్ చేతిలో ఓడిపోయాడు. సెల్బీ 2019 మార్చి వరకు ప్రథమ ర్యాంకులో కొనసాగాడు. ఒకే సీజన్‌లో 5 టైటిళ్ళ రికార్డును 2019–20లో జడ్ ట్రంప్ 6 టైటిళ్ళతో అధిగమించాడు.