భూగర్భ ఇంధన ట్యాంకుల లీకులు: నేల, నీటి శుద్ధి

పెట్రోలు బంకుల కింద పాతిన ట్యాంకులూ గొట్టాలూ కారినప్పుడు చెడే నేలనూ భూగర్భ జలాన్నీ బాగుచేసే పని ఇది. ప్రత్యేక రంగంగా నిలదొక్కుకున్నది అమెరికాలో, 1980లలో. అంతకుముందు దశాబ్దాల్లో తుప్పు రక్షణ లేకుండా పాతిన ఉక్కు ట్యాంకులు అప్పటికి చిల్లులు పడుతున్నాయి. 1984లో అక్కడి కాంగ్రెస్ చట్టం చేసింది. 1986లో గ్యాలనుకు సెంటులో పదో వంతు పన్నుతో శుద్ధి నిధి ఏర్పడింది. 1988 నాటి నిబంధనలు పాత ట్యాంకులను మార్చడానికో మూసేయడానికో 1998 డిసెంబరు 22 వరకు గడువిచ్చాయి. ఇప్పటిదాకా నిర్ధారణ అయిన లీకులు 5 లక్షల పైమాటే. అత్యధికం శుద్ధి పూర్తయినట్టు నమోదయ్యాయి గానీ, చాలాచోట్ల మిగులు కాలుష్యాన్ని అనుమతించిన పరిమితికి లోబడి నేలలోనే వదిలారు.

కారిన పెట్రోలు కొంత మట్టి రేణువుల మధ్య చిక్కుకుంటుంది. మిగతాది నీటిమట్టాన్ని చేరి, నీటికన్నా తేలిక కాబట్టి పాల మీద మీగడలా పరుచుకుంటుంది. పరిశీలన బావిలోకి పారదర్శక గొట్టం దించి తీస్తే పైన పెట్రోలు పొర, అడుగున నీరు విడివిడిగా కనిపిస్తాయి. ఆ మందాన్ని ఉన్నదున్నట్టు నమ్మితే లెక్క తప్పుతుంది. చుట్టూ ఉన్న నేలలోకన్నా బావిలో పెట్రోలు మందంగా పేరుకుంటుంది. పైగా నీటిమట్టం దిగినప్పుడు పెట్రోలూ దిగుతుంది, మళ్లీ మట్టం లేచాక కొంత కిందే ఇరుక్కుపోతుంది. బెంజీన్ లాంటివి కొద్దికొద్దిగా కరిగి నీటితో సాగుతాయి. తాగునీటిలో బెంజీన్‌కు అమెరికా పెట్టిన పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు.

శుద్ధి వరస చాలాచోట్ల ఒకటే. ట్యాంకు ఖాళీచేసి తడిసిన మట్టిని తవ్వి తీస్తారు, తేలే పెట్రోలును పంపులతో తోడతారు, పైనేలలోని ఆవిర్లను వాక్యూమ్‌తో లాగుతారు, తోడిన నీటిని యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపుతారు. బాక్టీరియాకు ఆక్సిజన్, పోషకాలు అందించి పెట్రోలును తినిపించే పద్ధతికి ఆద్యుడిగా సాధారణంగా రిచర్డ్ రేమండ్ పేరు చెబుతారు. ఆయన పేటెంటు 1974 నాటిది.

ఖర్చుకు వెనుకాడని ప్రయోగం ఒకటి కాలిఫోర్నియాలో, లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల ఆవరణలోనే జరిగింది. సొంత బంకు నుంచి ఎప్పుడో కారిన పెట్రోలు కోసం 1993లో భూమిలోకి నీటి ఆవిరి పంపి, బంకమట్టి పొరలను విద్యుత్తుతో వేడిచేసి, సుమారు 7,600 గ్యాలన్లు రాబట్టారు. ఆ తర్వాత, 1995 అక్టోబరులో, అదే ప్రయోగశాల రాష్ట్ర జల మండలికి ఇచ్చిన నివేదిక వేరే దారి చూపింది. చాలా లీకుల్లో బెంజీన్ జాడ 75, 80 మీటర్లు దాటడం లేదు, బాక్టీరియాయే దాన్ని తినేస్తోంది, కాబట్టి మూలాన్ని తొలగించాక చాలాచోట్ల కనిపెట్టి ఉంటే చాలన్నది సారాంశం. బెంజీన్ వరకు ఈ మాట నిలబడిందనే చెప్పాలి.

నివేదిక లెక్కల్లోకి రానిది ఎంటీబీఈ. పొగ తగ్గించడానికి పెట్రోలులో పదో వంతు దాకా కలిపిన ఈ ఈథర్ నీటిలో బెంజీన్‌కన్నా ఇరవై రెట్లకు పైగా కరుగుతుంది, మట్టికి అంటుకోదు, బాక్టీరియాకు అంత తేలిగ్గా లొంగదు. శాంటా మోనికా నగర బావుల్లో అది మొదట కనిపించింది కూడా 1995లోనే. మరుసటి ఏడాదికి చార్‌నాక్ బావుల్లో లీటరుకు 610 మైక్రోగ్రాముల దాకా చేరింది. టర్పెంటైన్‌ను తలపించే దాని రుచి 20, 40 మైక్రోగ్రాములకే నాలుకకు తెలుస్తుంది. బావులు మూసేయడంతో నగరం సుమారు సగం తాగునీటిని కోల్పోయి బయట కొనుక్కుంది. చమురు కంపెనీలపై వేసిన దావాలు ఒప్పందాలతో ముగిశాయి. కార్బన్‌తో వడగట్టే కేంద్రం మొదలైన ఏడాదిని కొందరు 2010 అని, మరికొందరు 2011 అని రాస్తారు. లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది 2011 ఫిబ్రవరిలో. నీటి సరఫరా అంతకుముందే మొదలైంది కనుక 2010 అనడమే సబబు.

కాలిఫోర్నియాలోనే ఉన్న పోర్ట్ హ్వేనీమి నౌకాదళ స్థావరంలో 1984–85లో కారినది సుమారు 11 వేల గ్యాలన్లే. ఎంటీబీఈ జాడ మాత్రం ఒకటిన్నర కిలోమీటరు సాగింది. 2000లో దానికి అడ్డంగా గాలి, ఆక్సిజన్ ఊదే బావుల వరుస వేసి, కొంత భాగంలో ఎంటీబీఈని తినే బాక్టీరియాను దించారు. బాక్టీరియా దించని భాగాల్లోనూ ఎంటీబీఈ తగ్గిందని నివేదికలు చెబుతున్నాయి. అంటే స్థానిక బాక్టీరియాకు కొరవడింది ప్రధానంగా ఆక్సిజనే కావచ్చు.

కాలిఫోర్నియా 2003 చివరికల్లా ఎంటీబీఈని పెట్రోలు నుంచి తొలగించింది. దాని స్థానంలో వచ్చిన ఇథనాల్ బాక్టీరియాకు సులువైన తిండి. ముందు దాన్నే తింటూ ఆక్సిజన్ ఖర్చుచేసేయడంతో బెంజీన్ మిగిలిపోయి మరింత దూరం సాగవచ్చని పరిశోధనలు చూపాయి. ఎంత దూరమన్నది నేలను బట్టి, ఇథనాల్ పాలును బట్టి మారుతుంది. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి చేరిన భారతదేశపు బంకులకూ ఈ లెక్క వర్తిస్తుంది.